ముందుగా కాలు తీసినవాడే ముందుంటాడు

సంపాదకులు గారికి,

వేసవి సెలవులు వస్తే చాలు, కంప్యూటర్ ఆటల మీద పత్రికల ఉత్తరాల శీర్షికల్లో తిట్లు మొదలవుతాయి. డబ్బు పెట్టే పేకాట యాప్‌నూ, స్టీరింగ్ పట్టుకుని కారు నడిపే సిమ్యులేటర్‌నూ ఒకే గాటన కట్టేస్తారు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టమే డబ్బు ఆటలను నిషేధించి ఈ-స్పోర్ట్స్‌ను వేరుగా గుర్తించింది. కనుక ఆ వాదన మళ్లీ ఎత్తుకోం. మాది వేరే ఫిర్యాదు. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడే కుర్రాళ్లలో కంప్యూటర్ మీద స్టాక్ కార్ రేసింగ్, అంటే చూడ్డానికి మామూలు కార్లలా ఉండే రేసు కార్ల పోటీ, ఆడేవాళ్లు ఉన్నారు. అది సరిగా ఎలా నడపాలో చెప్పే రాత వాళ్లకు ఏ తెలుగు పత్రికలోనూ కనబడదు. ఫార్ములా వన్ సంగతులు క్రీడా పేజీలో అప్పుడప్పుడూ వస్తాయి. ఓవల్ ట్రాక్, అంటే కోడిగుడ్డు ఆకారపు ట్రాక్, అనేసరికి ‘ఎడమకు తిప్పడమే కదా’ అని తీసిపారేస్తారు. నిజమే, ఎడమకు తిప్పడమే. ఆ తిప్పడంలో ఏముందో చెప్పడానికే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది. కత్తిరించక తప్పకపోతే సామాను గురించి రాసింది కత్తిరించండి, టైర్ల గురించి రాసింది మాత్రం ఉంచండి.

ముందు కారు సంగతి. అమెరికాలో స్టాక్ కార్ రేసులు నడిపే నాస్కార్ సంస్థ 1948లో మొదలైంది. దాని పై మెట్టయిన కప్ సిరీస్‌లో 2022 నుంచి ‘నెక్స్ట్ జెన్’ కారు నడుస్తోంది. డ్రైవరూ ఇంధనమూ లేకుండానే సుమారు 1,450 కిలోలు. 5.8 లీటర్ల వీ8 ఇంజిన్, 2022లో చాలా ట్రాక్‌ల మీద 670 హార్స్‌పవర్ లెక్కన దింపారు. బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ లేదు, యాక్సిలరేటర్ వేస్తే చక్రాలు జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ లేదు. అంత బరువునూ అంత బలాన్నీ పట్టి ఉంచేది నాలుగు టైర్లే. వాటిలో కుడి ముందు టైరు మిగతా మూడింటి కంటే ఎక్కువ చాకిరీ చేస్తుంది. ఎడమకు తిరిగితే బరువు కుడివైపు ఒరుగుతుంది, బ్రేకు వేస్తే ముందుకు వస్తుంది, రెండూ ఒకేసారి జరిగితే భారమంతా పడేది ఆ ఒక్క టైరు మీదే. ఓవల్ మీద డ్రైవింగ్ నేర్చుకోవడమంటే ఆ టైరును 20, 30 ల్యాపులు (ట్రాక్ చుట్లు) బతికించుకోవడం నేర్చుకోవడమే.

టైరుకున్న పట్టును నెల జీతం అనుకోండి. బ్రేకుకు కొంత, స్టీరింగ్‌కు కొంత, యాక్సిలరేటర్‌కు కొంత. మొత్తం బ్రేకుకే ఖర్చుపెడితే తిరగడానికి మిగలదు. కొత్తవాళ్లందరిదీ ఇదే జబ్బు. మలుపులోకి ఎంత వేగంగా దూరితే ల్యాప్ అంత బాగా వస్తుందనుకుని, పక్కవాడి కంటే ఆలస్యంగా యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తారు. అక్కడ కలిసొచ్చేది నాలుగైదు మీటర్లు. మలుపు మధ్యకు వచ్చేసరికి ముందు టైర్లు జారుతుంటాయి, కారు లోపలికి రాదు, యాక్సిలరేటర్ వేయడానికి లేక ఆగాలి. మలుపు దాటేచోట ఆ ఆలస్యం మొత్తం స్ట్రెయిట్ (తిన్నటి దారి) పొడుగునా వెంటాడుతుంది. కలిసొచ్చింది మీటర్లలో, పోయింది కార్ల పొడుగుల లెక్కన.

దాని మీద రెండో తప్పు వస్తుంది. కారు తిరగడం లేదని స్టీరింగ్ ఇంకా తిప్పుతారు. టైరు పట్టు ఒక కోణం దాకానే పెరుగుతుంది. అది దాటాక ఎంత తిప్పినా రబ్బరు రోడ్డును రాసుకుంటూ జారుతుంది, జారి వేడెక్కుతుంది, వేడెక్కి ఇంకా జారుతుంది. అలా రెండు మూడు మలుపులు గడిస్తే చాలు, తర్వాతి ల్యాపులు కూడా చెడిపోతాయి. ఇది మీకు జరుగుతోందో లేదో తెలుసుకోవడం తేలికే. మలుపు మధ్యలో కారు బయటికి పోతున్నప్పుడు స్టీరింగ్‌ను రెండు వేళ్ల వెడల్పు వెనక్కి ఇవ్వండి. కారు ముక్కు లోపలికి వస్తే, మీరు అవసరానికి మించి తిప్పుతున్నట్టే.

మలుపును నడపాల్సిన తీరు ఇది. షార్లట్ లాంటి మైలున్నర ట్రాక్, అంటే 24 డిగ్రీల వాలున్న మలుపులను ఊహించుకోండి. స్ట్రెయిట్ చివర బయటి గోడకు దగ్గరగా ఉండాలి. కాలు ఒక్కసారిగా ఎత్తేయకుండా, సగానికి, అక్కడి నుంచి సున్నాకు దింపాలి. ఠక్కున ఎత్తితే బరువు ఒక్క ఉదుటున ముందుకు వచ్చి వెనుక భాగం తేలికవుతుంది, కారు తోక ఊపుతుంది. ఆ తర్వాత ఒకే ఒక్క స్టీరింగ్ కదలికతో, మెల్లగా, కారును కింది తెల్ల గీత వైపు ఒరగనివ్వాలి. బ్రేకు కావాలంటే స్టీరింగ్ బాగా తిప్పకముందే వేసి, స్టీరింగ్ పెరిగేకొద్దీ కాలు వదులుతూ రావాలి. అందరికీ కష్టమయ్యేది తర్వాతి ఘట్టం. బ్రేకూ లేదు, యాక్సిలరేటరూ లేదు, కారు తనంతట తాను దొర్లుతుంటుంది. ఏమీ చేయకుండా ఉండటం చేతకాక అక్కడే చాలామంది యాక్సిలరేటర్‌ను చిటికెలు వేసినట్టు తొక్కుతుంటారు. ముక్కు మలుపు బయటి దారివైపు తిరిగాకే కాలు పెట్టాలి. స్టీరింగ్ ఎంత తిరిగి ఉంటే యాక్సిలరేటర్ అంత తక్కువ. స్టీరింగ్ తిన్నగా వచ్చేకొద్దీ కాలు కిందికి.

ఒక్క సూత్రం గుర్తుంటే మిగతావి మరిచినా ఫర్వాలేదు. యాక్సిలరేటర్ వేశాక మళ్లీ ఎత్తాల్సి వచ్చిందంటే తొందరపడి వేశారన్నమాట. వేసింది వేసినట్టు స్ట్రెయిట్ దాకా ఉంచగలిగే క్షణం దాకా ఆగాలి.

దీన్ని నోటితో చెబితే ఎవరూ నమ్మరు, లెక్క చూపిస్తేనే నమ్ముతారు. ఒంటరి ప్రాక్టీసులో, గేమ్ ఇచ్చిన సెటప్‌తోనే (కారు అమరికతోనే), ట్యాంకు నింపుకుని ఆపకుండా 20 ల్యాపులు నడపండి. ప్రతి ల్యాప్ సమయం కాగితం మీద రాయండి. కొత్త టైర్లతో మళ్లీ అదే 20 ల్యాపులు. ఈసారి ప్రతి మలుపు ముందూ ఒక కారు పొడుగు, అంటే దాదాపు 5 మీటర్లు, ముందుగా కాలు తీయండి. గోడ మీది బోర్డో, తారు మీది అతుకో ఏదో ఒకటి గుర్తు పెట్టుకోవాలి, అందాజుగా తీస్తే ప్రయోగం పనికిరాదు. మొదటి మూడు నాలుగు ల్యాపులు రెండోసారి నెమ్మదిగా కనిపించవచ్చు. చూడాల్సింది 15 నుంచి 20 దాకా. ఆ ఆరు ల్యాపుల మొత్తం రెండు కాగితాల మీదా కూడి చూస్తే, ఇంకో ఉపన్యాసం అక్కర్లేదు. పరుగు అయ్యాక ఎస్కేప్ నొక్కి బయటికి రాకుండా పిట్‌లోకి (టైర్లు మార్చే చోటికి) నడిపి, మీ గడిలో ఆపి, అప్పుడు గరాజ్ పేజీలో టైర్ల వేడి, అరుగుదల చూడండి. కుడి ముందు టైరు కుడి వెనుక టైరు కంటే బాగా ఎక్కువ కాలితే మలుపులోకి దూరేటప్పుడు ఎక్కువ చేస్తున్నారు. కుడి వెనుకది ఎక్కువ కాలితే బయటికి వచ్చేటప్పుడు యాక్సిలరేటర్ ఎక్కువై వెనుక చక్రాలు పట్టులేక గిర్రున తిరుగుతున్నాయి.

చిన్న ట్రాక్ మీద ఇదంతా మరీ స్పష్టంగా బయటపడుతుంది. వర్జీనియాలోని మార్టిన్స్‌విల్ 0.526 మైలు, వాలు 12 డిగ్రీలే. కప్ కారులో ల్యాప్ దాదాపు 20 సెకన్లు. స్ట్రెయిట్లు తారు, మలుపులు కాంక్రీటు. ఇక్కడ ప్రతి మలుపుకూ గట్టిగా బ్రేకు కావాలి, కానీ పూర్తి బలంతో కాదు. ముందు చక్రం లాక్ అయితే (తిరగకుండా బిగుసుకుంటే) పొగ కనిపిస్తుంది, కారు తిన్నగా పోతుంది. బ్రేకును ముందు గట్టిగా, తర్వాత తగ్గిస్తూ, లోపలి అంచు దగ్గరకు వచ్చేసరికి పూర్తిగా వదిలేయాలి. మొదటి నుంచి చివరిదాకా ఒకే ఒత్తిడి పట్టుకునేవాళ్లకు కారు మధ్యలో మొండికేస్తుంది. లోపలి అంచున గట్టు ఉంది. ఎడమ టైర్లు దాని పక్కనుంచి పోవాలి తప్ప ఎక్కకూడదు. ఎక్కితే ఆ వైపు ఎగిరి కారు గిర్రున తిరుగుతుంది. బయటికి వచ్చేటప్పుడు కాంక్రీటు మీంచి తారు మీదికి మారే చోట పట్టు మారుతుంది, కాలు కింద అరసెకను ఓపిక ఉంచండి. మార్టిన్స్‌విల్ ఒక వారం ఆడినవాడికి పెద్ద ట్రాక్‌ల మీద సగం పాఠం ఎవరూ చెప్పనక్కర్లేదు. బ్రేకు అవసరం పెద్దగా లేని డేటోనా ట్రాక్ నుంచి మొదలుపెట్టినవాడు ఏడాది తర్వాతా బ్రేకు పెడల్ ఎందుకుందని అడుగుతుంటాడు.

మార్టిన్స్‌విల్ అనగానే కుర్రాళ్లు నాస్కార్ డ్రైవరు రాస్ చాస్టెయిన్ పేరెత్తుతారు. 2022 అక్టోబరు 30న చివరి ల్యాప్‌లో అతను కాలు తీయకుండా కారును బయటి గోడకు ఆనించి పోనిచ్చి, 10వ స్థానం నుంచి 5వ స్థానానికి వచ్చాడు. చిన్నప్పుడు గేమ్‌క్యూబ్ అనే వీడియో గేమ్ యంత్రంలో ఆడిన ఉపాయమని తనే చెప్పాడు. తర్వాతి సీజన్ మొదలయ్యేలోపే అలా చేస్తే శిక్ష వేస్తామని నాస్కార్ చెప్పేసింది. డ్యామేజ్ ఆపేసి ఆడే గేముల్లో గోడ ఒక ఆసరాలా అలవాటైపోతుంది. మొదటి రోజు నుంచే డ్యామేజ్ పూర్తిగా ఆన్‌లో పెట్టుకోమంటాం. గోడ రాసిన ప్రతిసారీ కుడివైపు వంగి, స్టీరింగ్ పక్కకు లాగుతుంటే తప్ప గోడంటే భయం రాదు.

ఇక్కడ మన దేశంవాళ్లకే ఉండే ఒక చిక్కు ఉంది. మన కళ్లకు డ్రైవరు కుడివైపు కూర్చోవడం అలవాటు, కారు వెడల్పంతా ఎడమకు ఉంటుంది. స్టాక్ కారులో సీటు ఎడమవైపు. కారు వెడల్పంతా కుడివైపు, అంటే సరిగ్గా గోడ ఉన్న వైపు. అందుకే మొదట్లో మనవాళ్లు కింద గీత దగ్గర బాగానే ఉండి, పైన గోడను రాస్తుంటారు. ఎడమ టైరు ఎక్కడుందో చూసి నడపడం మానేసి, బానెట్ కుడి అంచు గోడ అడుగు గీతతో ఎక్కడ కలుస్తుందో చూసుకోవాలి. పదిసార్లు కావాలనే నెమ్మదిగా, గోడకు అడుగు దూరంలో స్ట్రెయిట్ పొడుగునా నడిపితే కంటికి కొలత పడుతుంది.

తెర ముందు కూర్చునే దూరం కూడా ఈ కొలతను పాడుచేస్తుంది. చూపు కోణం, అంటే ఎఫ్‌ఓవీ, గేమ్ ఇచ్చినట్టే వదిలేస్తే సాధారణంగా ఎక్కువ ఉంటుంది. వేగం భలేగా కనిపిస్తుంది, దూరం మాత్రం అబద్ధం చెబుతుంది. 24 అంగుళాల మానిటర్ వెడల్పు సుమారు 53 సెంటీమీటర్లు. కంటికి 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే సరైన కోణం దాదాపు 48 డిగ్రీలు. 27 అంగుళాలదైతే అదే దూరంలో 53. మొదటి రోజు గొట్టంలోంచి చూస్తున్నట్టు ఉంటుంది, విసుగొస్తుంది. కాలు తీయాల్సిన గుర్తు ప్రతి ల్యాపూ ఒకే చోట కనబడటం మొదలయ్యాక ఎవరూ పాత కోణానికి పోరు. మానిటర్‌ను స్టీరింగ్ వెనక్కి దగ్గరగా జరపగలిగితే ఇంకా మంచిది.

స్టీరింగ్ సెట్టింగుల్లో రెండే ముఖ్యం. లాజిటెక్ జీ29, జీ923 లాంటి స్టీరింగ్‌లు 900 డిగ్రీలు తిరుగుతాయి, దాన్ని తగ్గించకండి. తగ్గిస్తే చిన్న కదలికే పెద్దదై, పైన చెప్పిన ‘ఎక్కువ తిప్పే’ జబ్బు ముదురుతుంది. రెండోది ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ బలం, అంటే స్టీరింగ్‌లోని మోటారు చేతికి ఎంత గట్టిగా ఎదురు తోస్తుందో అది. గట్టిగా ఉంటే నిజంగా ఉంటుందని నూటికి పెంచేస్తారు. మోటారు తన శక్తికి మించి ఇవ్వలేదు. హద్దు దాటాక టైరు జారినా పట్టినా చేతికి ఒకేలా తెలుస్తుంది. ఐరేసింగ్ అనే ఆన్‌లైన్ రేసు సిమ్యులేటర్‌లో తెర మీద ఆ బలాన్ని చూపే ఎఫ్ గీత మలుపులో ఎర్రబడుతుంటే బలం తగ్గించాలి. నాలుగు ల్యాపులు నడిపి ‘ఆటో’ నొక్కితే అదే లెక్కకడుతుంది. పెడళ్ల మాట కొస్తే, చవక సెట్లలో కాలు ఎంత నొక్కిందో కొలిచే పొటెన్షియోమీటర్ ఉంటుంది. దుమ్ము, గోపాల్‌పూర్ వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి దానికి శత్రువులు. కాలు కదపకుండా ఉన్నా తెర మీద యాక్సిలరేటర్ గీత వణుకుతుంటే అదే కారణం. ఎలక్ట్రానిక్స్ దుకాణంలో దొరికే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, పెడల్‌ను ఇరవై ముప్పైసార్లు ఆడించి, ఆరాక మళ్లీ కాలిబ్రేట్ చేయాలి. నున్నటి గచ్చు మీద పెడళ్లు జారితే గోడకు ఆనించండి, చక్రాల కుర్చీ బదులు నాలుగు కాళ్ల ప్లాస్టిక్ కుర్చీ వాడండి. ఖర్చులేని ఈ రెండు మార్పులకే బ్రేకు మీద కాలు కుదురుకుంటుంది.

సెటప్ మార్చడం గురించి ఎక్కువ రాయం, కావాలనే. వరుసగా 20 ల్యాపులు సెకనులో రెండు మూడు పదో వంతుల తేడాలో నడపలేనివాడు సెటప్ ముట్టుకుంటే, మారింది కారో తనో తెలియదు. భాష మాత్రం తెలిసుండాలి. ముందు టైర్లు జారి కారు గోడవైపు పోతే ‘టైట్’, తోక జారితే ‘లూజ్’. ఎక్కడ జరిగిందో కూడా చెప్పాలి. దూరేటప్పుడా, మధ్యలోనా, బయటికి వచ్చేటప్పుడా. క్రాస్ వెయిట్, అంటే కుడి ముందు, ఎడమ వెనుక చక్రాల మీది బరువు కలిపి మొత్తంలో ఎంత శాతమో, అది పెంచితే కారు టైట్ అవుతుంది, తగ్గిస్తే లూజ్ అవుతుంది. బ్రేకు బయాస్, అంటే ముందు వెనుక చక్రాలకు బ్రేకు పంచే వాటా, ముందుకు పెంచితే మలుపులోకి దూరేటప్పుడు తోక నిలకడగా ఉంటుంది, ముందు చక్రాలు లాక్ అయ్యే ప్రమాదం పెరుగుతుంది. ఒకసారికి ఒక్కటే మార్చి కనీసం ఐదు ల్యాపులు చూడాలి. మధ్యలో టైట్ అని గోల పెట్టేవాళ్లలో ఎక్కువమందికి కావాల్సింది సెటప్ కాదు, ఆ 5 మీటర్లే.

డేటోనా, తల్లడేగాల మీద లెక్క మారుతుంది. 31, 33 డిగ్రీల వాలు కారును నేలకు నొక్కి ఉంచుతుంది కాబట్టి కాలు తీయక్కర్లేదు. గాలే ఆట. ముందు కారు వెనుక చేరితే గాలి అడ్డం తగ్గి వేగం వస్తుంది. పక్కనున్న కారు వెనుక చక్రం దగ్గరికి మీ ముక్కు తెస్తే అతను నెమ్మదిస్తాడు, దాన్ని సైడ్ డ్రాఫ్ట్ అంటారు. ప్రమాదం ఎప్పుడూ చేరువయ్యే వేగంలోనే ఉంది. ముందువాడిని అందుకునేది గబగబా జరుగుతుంది, తగిలే ముందు క్షణంలో కాలు ఎత్తితే వెనుకున్నవాడు మిమ్మల్ని గుద్దుతాడు. మూడు కార్ల దూరం నుంచే పావు వంతు కాలు తగ్గించి కలవాలి. వెనుకనుంచి నెట్టడం స్ట్రెయిట్ మీద, బంపర్‌కు బంపర్ తిన్నగా ఉన్నప్పుడు మాత్రమే. ఒక మూల తగిలితే ముందువాడు తిరిగిపోతాడు, వాడితోపాటు పదిమంది. మైలున్నర ట్రాక్‌ల మీద మాత్రం వెనుక చేరడమే శిక్ష. ముందు కారు చెదరగొట్టిన గాలికి మీ ముక్కు మీది ఒత్తిడి తగ్గి కారు టైట్ అవుతుంది. అరలైను పక్కకు జరిగి మీ రేడియేటర్‌కు గాలి తగలనివ్వండి, లేదా ఇంకొంచెం ముందుగా కాలు తీయండి.

ఐరేసింగ్‌లో తప్పులకు పాయింట్లు పడతాయి. ట్రాక్ దాటితే 1, అదుపు తప్పితే 2, మరో కారును గట్టిగా గుద్దితే 4. తప్పు ఎవరిదన్న విచారణ ఉండదు, ఇద్దరికీ పడతాయి. మనకు దీనితో ఇంకో ఇబ్బంది, సర్వర్ దూరం. అమెరికా సర్వర్‌కు మన వైపు నుంచి సమాచారం వెళ్లి రావడానికి 200 మిల్లీసెకన్లు దాటడం మామూలు. గంటకు 300 కిలోమీటర్ల వేగంలో కారు అంతలో 16, 17 మీటర్లు పోతుంది, అంటే మూడు కార్ల పొడుగు. మీకు కనిపించే పక్క కారు గేమ్ ఊహించి గీసిన కారు. తగలకుండానే తగిలినట్టు పాయింట్లు పడేది ఇందుకే. మన ప్రాంతం నుంచి ఆడేవాళ్లు పక్కవాడికి మామూలు కంటే అరకారు వెడల్పు ఎక్కువ వదలాలి. ఇది పిరికితనం కాదు. వైఫై మానేసి రౌటర్ నుంచి కేబుల్ వేసుకోండి. కరెంటు పోతే ఇన్వర్టర్ మారే ఆ క్షణంలోనే కంప్యూటర్ ఆగిపోతుంది, ఇన్వర్టర్ వెనుక మీట యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూడండి. కంప్యూటర్ ఒక్కటే కాదు, రౌటరూ స్టీరింగ్ అడాప్టరూ కూడా దాని మీదే ఉండాలి.

అమెరికా తూర్పు తీరంలో రాత్రి 8 గంటలకు జరిగే రేసు వేసవిలో మనకు తెల్లవారి 5:30కు, చలికాలంలో 6:30కు. జనం ఎక్కువుండేదీ, మీ స్థాయికి తగినవాళ్లతో పడేదీ ఆ వేళే. రాత్రి రెండింటిదాకా మేలుకుని ఖాళీ రేసులు ఆడే కుర్రాళ్లు తొందరగా పడుకుని తెల్లారి లేస్తే ఆటా బాగుపడుతుంది, ఇంట్లో తిట్లూ తగ్గుతాయి. కంప్యూటర్ మీద మొదలుపెట్టి తర్వాతే అసలు కారు ఎక్కిన విలియం బైరన్ 2024, 2025 డేటోనా 500లు రెండూ గెలిచాడని తల్లిదండ్రులకు చెప్పుకోవచ్చు. అయితే అతనికి దొరికిన ట్రాక్‌లూ డబ్బూ మనకు లేవన్న మాట కూడా కలిపి చెప్పాలి.

మీ యువ పేజీలో నెలకొక్కసారి ఒక పావు పేజీ ఇలాంటి ఆటల పనితనానికి ఇస్తే బాగుంటుంది. ఏ గేమ్ కొత్తగా వచ్చింది, ఎంతకు దొరుకుతుంది అన్న వార్తలు ఎక్కడైనా ఉన్నాయి. కావాల్సింది పిట్ లేన్‌లోకి ఎలా రావాలి, పసుపు జెండా (ప్రమాదం జరిగితే అందరూ నెమ్మదించాలనే సంకేతం) తర్వాత రీస్టార్ట్‌లో చల్లబడ్డ టైర్లతో ఎంత కాలు వేయాలి వంటివి. నాస్కార్ కార్లలో పిట్‌లో వేగానికి హద్దు పెట్టే పిట్ లిమిటర్ బటన్ ఉండదు, ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో చూపే టాకోమీటర్ చూసి గేరుకు తగ్గ ఆర్‌పీఎం పట్టుకోవాలి. ఆ ఒక్క అంశానికే పావు పేజీ పడుతుంది. రాయడానికి మేము సిద్ధం.

ఇట్లు,
ఓవల్ సిమ్ రేసింగ్ ఆడే కొందరు పాఠకులు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా